ఆటోనగర్ లేత్ మేస్త్రి గారికి కృతజ్ఞతలు

విజయవాడ ఆటోనగర్‌లో మా మారుతి ఎస్టీమ్ కారు 1298 సీసీ ఇంజన్‌ను తుక్కులో పడనివ్వని మేస్త్రి గారూ, మీకు వేల నమస్కారాలు. ఆయిల్ అందక పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే రాడ్ బేరింగ్ తన చోటులోనే తిరిగిపోయింది, క్రాంక్ (ఇంజన్‌లో తిరిగే ఇరుసు) మీద గీతలు పడ్డాయి. మీరు 74 మి.మీ. బోరును (పిస్టన్ ఆడే గొట్టాన్ని) పైనా, మధ్యా, కిందా గేజ్ పెట్టి కొలిచాకే 0.50 మి.మీ. ఓవర్‌సైజ్ (కాస్త లావు) పిస్టన్లు తెమ్మన్నారు. హెడ్ బోల్టులు బిగిస్తే బోరు గుండ్రం తప్పుతుందని హెడ్‌కు బదులు బిగించే టార్క్ ప్లేట్ అనే మందపాటి పలక వేసి మరీ హోనింగ్ (బోరు లోపల సన్నగా అరగదీయడం) చేశారు. అంత ఓపిక ఎవరికుంటుందండీ!

క్రాంక్ 0.25 మి.మీ. గ్రైండింగ్ అయ్యాక ఆయిల్ రంధ్రాల్లోకి సన్న బ్రష్ దూర్చి, నల్లటి రజను మొత్తం వచ్చేదాకా కడిగారు. అది మిగిలితే కొత్త బేరింగులనూ తినేస్తుంది. పాత ఆయిల్ పంపు, జల్లెడ మళ్లీ వాడొద్దన్నారు, మార్చాం. నాలుగు రాడ్ల బరువూ సమం చేసినందుకు మరోసారి ధన్యవాదాలు.