పాత అడ్వెంచర్ గేమ్‌లు, కొత్త రంగులు

పాత అడ్వెంచర్ గేమ్‌లకి (కథలో తిరుగుతూ పజిల్స్ విప్పే కంప్యూటర్ గేమ్‌లు) కొత్త రూపంలో వచ్చే రీమేక్‌లన్నీ చెత్తేనా అని నిన్న ఇక్కడ నడిచిన చర్చ మీద నా మాట కూడా వేస్తున్నా. అన్నీ చెత్త అనడం అన్యాయం. 1990 నాటి మంకీ ఐలాండ్‌కి 2009లో వచ్చిన స్పెషల్ ఎడిషన్‌నే చూడండి. ఒక్క కీ నొక్కితే పాత పిక్సెల్ బొమ్మలు, మళ్లీ నొక్కితే కొత్తవి. కాకపోతే కొత్త బొమ్మల్లో హీరో గైబ్రష్ జుట్టు నాకు ఇప్పటికీ మింగుడు పడదు! పైగా పాత్రల మాటలు చెవితో వినాలంటే కొత్త బొమ్మలతోనే ఆడాలి. రెండో భాగం స్పెషల్ ఎడిషన్‌లో ఆ లోటు తీర్చారు, పాత బొమ్మలతో ఆడుతూ కూడా డైలాగులు వినొచ్చు.

డే ఆఫ్ ది టెంటకిల్ రీమాస్టర్ (పాత గేమ్‌కే మెరుగులు దిద్దిన వెర్షన్, 2016) బొమ్మల్ని శుభ్రం చేసిందే తప్ప పజిల్స్ జోలికి పోలేదు. అసలు చేయాల్సింది అదే.

గ్రిమ్ ఫాండాంగో సంగతి వేరు. 1998లో మౌస్ లేకుండా పాత్రను నడిపించడమే పెద్ద తలనొప్పి. 2015 రీమాస్టర్‌లో మౌస్ క్లిక్ చేర్చారు, సంగీతాన్ని ఆర్కెస్ట్రాతో మళ్లీ రికార్డు చేశారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నేరుగా దీన్నే ఆడండి.

గేబ్రియల్ నైట్ గేమ్ 2014 రీమేక్‌లో మాత్రం, పాత గేమ్‌లో హీరోకి గొంతిచ్చిన నటుడు టిమ్ కర్రీ గొంతు లేదు. నాకైతే ఆ ఒక్కదానితోనే సగం మజా పోయింది. ఒప్పుకోనివాళ్లు రండి, వాదించుకుందాం. పజిల్ జవాబులు మాత్రం ఇక్కడ పెట్టకండి, ఇంకా ఆడుతున్నవాళ్లున్నారు.