ఆ ఫొటో అంచున నిలబడ్డ పిల్ల ఎవరికీ పట్టదా?

సంపాదకుడు గారికి,

యుద్ధం వల్ల ఇల్లూ వాకిలీ వదిలేసి వచ్చిన కుటుంబాల మీద మొన్న ఆదివారం అనుబంధంలో మీరు వేసిన కథనం చదివి నాలుగు రోజులైంది. కోపంలో ఏదో ఒకటి అనేస్తానేమోనని ఆ రోజే రాయకుండా ఆగాను. ఇప్పటికీ కోపం తగ్గలేదు కాబట్టి రాస్తున్నాను.

'బాధ మరిచి కేరింతలు' అని శీర్షిక పెట్టారు. కింద రంగు పెన్సిళ్లు పట్టుకున్న పసిపిల్లల ఫొటో. దానికి కుడివైపు అంచున, సగానికి కత్తిరించిన ఒక అమ్మాయి ఉంది. 14 ఏళ్లుంటాయేమో. చంకలో తమ్ముడో చెల్లెలో. ఆమె చేతిలో పెన్సిల్ లేదు, ముఖంలో కేరింతా లేదు. కథనం రెండుసార్లు చదివాను. ఆ వయసు పిల్లల గురించి ఒక్క వాక్యం లేదు.

రిటైరయ్యాక రెండేళ్లు ఇలాంటి కుటుంబాలుండే శిబిరంలో పెద్దపిల్లలకు చదువు చెప్పాను. ఏ శిబిరమో, ఏ యుద్ధమో రాయను. ఆ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు, చెప్పుకోవాలనుకుంటే వాళ్లే చెప్పుకుంటారు. నా కళ్లతో చూసింది మాత్రం రాస్తాను.

ఒక 15 ఏళ్ల అమ్మాయి ఉండేది. తల్లికి అక్కడి భాష రాదు, ఈ పిల్ల బడిలో గబగబా నేర్చేసుకుంది. దాంతో ఇంటికి దుబాసీ అయిపోయింది. ఆసుపత్రికైనా ఆఫీసుకైనా తనే. ఒకరోజు నేనూ వెంట వెళ్లాను. కిటికీ అవతల గుమాస్తా కాగితం మీంచి తల ఎత్తకుండానే, "మీ నాన్న ఎలా చనిపోయాడు, ఎవరు చూశారు?" అని అడిగాడు. ఆ ప్రశ్నను పిల్ల తన నోటితో తల్లిని అడగాలి. తల్లి ఏడుస్తూ చెప్పింది విని, మళ్లీ ఆయనకు చెప్పాలి. "తేదీ సరిగ్గా చెప్పమను" అన్నాడాయన. పిల్ల తల్లిని అడక్కుండానే తేదీ చెప్పేసింది. బయటికొచ్చాక తల్లి చేత నీళ్లు తాగించి, "రేపు మళ్లీ రమ్మన్నారు టీచర్, నేను క్లాసుకి రాను" అంది. మాటలో వణుకు కూడా లేదు. శిబిరంలో అందరూ ఆమెను బుద్ధిమంతురాలనేవారు. ఎవరినీ ఇబ్బంది పెట్టదు కాబట్టి ఏ కౌన్సెలర్ జాబితాలోనూ ఆమె పేరు లేదు.

ఇంకో కుర్రాడు, 13 ఏళ్లవాడు, రాత్రిళ్లు బూట్లు విప్పకుండా పడుకునేవాడు. మళ్లీ పరిగెత్తాల్సి వస్తే ఆలస్యం కాకూడదని. పగలు క్లాసులో కునికిపాట్లు పడేవాడు, ఎవరైనా భుజం మీద చెయ్యేస్తే తిరగబడి కొట్టేవాడు. 'ప్రవర్తన బాగాలేదు' అని బడివాళ్లు కాగితం ఇచ్చారు. ఆ కాగితం చూసి తండ్రి చితకబాదాడు. ఆ తండ్రి మాత్రం నిద్రపోతున్నాడా? నెలల తరబడి పనిలేదు, తెల్లవార్లూ గుడారం బయట కూర్చుని ఉండేవాడు. ఆయన్ని పలకరించిన అధికారి ఒక్కడూ నాకు కనపడలేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఎదిగే పిల్లల మనసుకు సాయం చెయ్యాలంటే వాళ్ల అమ్మానాన్నల దగ్గర మొదలుపెట్టాలి. ఇది నా సొంత సిద్ధాంతమేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు పిల్లల మనసును అధ్యయనం చేసిన అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ అక్కడి హాంప్‌స్టెడ్‌లో పిల్లల కోసం నర్సరీలు నడిపారు. తల్లి పక్కనుండి, ఆ తల్లి నిబ్బరంగా ఉంటే పిల్లలు బాంబుదాడిని కూడా తట్టుకున్నారనీ, తల్లి నుంచి విడిపోవడమే వాళ్లను ఎక్కువగా కుంగదీసిందనీ వాళ్లు గమనించారు. వాళ్లు చూసింది చిన్నపిల్లల్ని. 15 ఏళ్లవాళ్లు పైకి ఒప్పుకోకపోయినా లోపల వేరుగా ఉండరని పాఠాలు చెప్పిన అనుభవంతో అంటున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 నుంచి 15 ఏళ్ల పిల్లల కోసం 'ఈజ్' అనే కార్యక్రమం తయారుచేసింది. బాధనీ భయాన్నీ ఎలా గుర్తుపట్టాలో, ఊపిరి ఎలా నెమ్మది చేసుకోవాలో పిల్లలకు బృందంగా 7 తరగతుల్లో నేర్పుతారు. దాంతోపాటు పెంచేవాళ్లకు విడిగా 3 తరగతులు ఉంటాయి. పెద్ద డాక్టర్లు కూడా అక్కర్లేదు, శిక్షణ ఇస్తే మామూలు కార్యకర్తలు నడపగలరు. ఇంత తేలికైనదాన్ని మీ కథనంలో ఎవరూ ప్రస్తావించలేదు, మీ విలేఖరీ అడగలేదు.

అంకెలు కావాలంటే అవీ ఉన్నాయి. సంఘర్షణ ప్రాంతాల్లో ప్రతి 5 మందిలో ఒకరు ఏదో ఒక మానసిక రుగ్మతతో బతుకుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అంచనా వేసింది. యుద్ధమనే మాటే లేని చోట్ల కూడా మానసిక రుగ్మతల్లో సుమారు మూడో వంతు 14 ఏళ్లలోపే, సగం 18 ఏళ్లలోపే మొదలవుతాయని అదే సంస్థ చెబుతోంది. ఈ రెండూ ఒకే ఇంట్లో కలిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. ప్రభుత్వాలు ఆరోగ్య బడ్జెట్‌లో మానసిక ఆరోగ్యానికి పెడుతున్నది సుమారు 2 శాతం. ఆ కాస్తలో ఈ పిల్లల దాకా వచ్చేదెంత?

వచ్చింది కూడా ఎలా ఖర్చవుతుందో చూశాను. ఒక బృందం బ్యానర్ కట్టుకుని ఒక్కరోజు కౌన్సెలింగ్ శిబిరమని వచ్చింది. పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, మీకు జరిగినవాటిలో అన్నిటికంటే భయంకరమైనది చెప్పమన్నారు. ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు బిగుసుకుపోయారు. సాయంత్రానికి ఫొటోలు తీసుకుని వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు. ఆ తర్వాత చాలా రాత్రిళ్లు ఆ గుడారాల్లో అరుపులు వినపడ్డాయి. ఇలా ఒక్కసారి కూర్చోబెట్టి అంతా కక్కించే పని చెయ్యొద్దని ఐక్యరాజ్యసమితి సంస్థలూ సహాయ సంస్థలూ కలిసి రాసుకున్న మార్గదర్శకాల్లో 2007లోనే ఉంది. ముందు భద్రత, కనీస అవసరాలు చూడమని, ఆ తర్వాత కుటుంబానికీ చుట్టుపక్కలవారికీ ఆసరా ఇవ్వమని, ఇంకా అవసరమైనవారిని విడిగా పలకరించమని, నిపుణుల వైద్యం అవసరమయ్యే కొద్దిమందిని నిపుణుల దగ్గరికి పంపమని వివరంగా రాశారు. చదివేవాళ్లేరి? ఉత్తర్వులిచ్చే అధికారులు తమ బల్ల మీదున్న కాగితమే చదవరు, ఇక ఇవి చదువుతారా!

1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలే అంటుంది. సాయుధ సంఘర్షణ బారిన పడ్డ పిల్లలు శరీరంలోనూ మనసులోనూ కోలుకునేలా ప్రభుత్వాలు చూడాలని దాని 39వ అధికరణం చెబుతుంది. అదీ వాళ్ల ఆత్మగౌరవానికి భంగం రాకుండా. మరి మన లెక్కలో? బొమ్మలు పంచేటప్పుడు 14 ఏళ్ల పిల్ల పెద్దది. నిర్ణయాలు తీసుకునేటప్పుడు చిన్నది. వరసలో నిలబడ్డానికీ, తమ్ముణ్ని ఎత్తుకోవడానికీ, తండ్రి చావు తేదీ చెప్పడానికీ మాత్రం సరిగ్గా సరిపోతుంది.

ఇక మీ పత్రిక సంగతి. బాధితులెవరో బయటపడకుండా పత్రికలు జాగ్రత్తపడాలి. మీరు ఆ పసివాళ్లలో ముగ్గురి పేర్లు, ఒకరి తండ్రి ఎలా పోయాడో కూడా అచ్చేశారు. ఆ పిల్ల రేపు కొత్త బడిలో చేరితే, పక్క బెంచీవాడు ఆ కటింగు చూపించి అడిగితే ఏం చెబుతుంది? ఆ తల్లి అనుమతి తీసుకున్నారా, తీసుకుంటే ఎవరు దుబాసీగా ఉన్నారు? బహుశా ఫొటో అంచున ఉన్న అమ్మాయేనేమో.

ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో ఇలాంటి కుటుంబాలకు పెద్దవయసు దుబాసీని పెట్టమని, పిల్లల చేత ఆ పని చేయించొద్దని నేను మూడుసార్లు దరఖాస్తు పెట్టాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. నకళ్లు, అందినట్టు వాళ్లు వేసిన ముద్రలతో సహా, నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీ విలేఖరిని పంపండి, చూపిస్తాను. ఈసారి పెన్సిళ్ల ఫొటో వద్దు, ఆ దరఖాస్తు వెయ్యండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని