డేటా ఆగిపోతే టీఎల్ఎస్ తీసేయడమేనా?

సంపాదకులు గారికి, నమస్కారం.

మీ పత్రికలో సైబర్ భద్రత మీద వచ్చే వ్యాసాలు వదలకుండా చదువుతాను. పాస్‌వర్డ్‌లు, ఓటీపీలు, హ్యాకర్లు అన్నీ ఉంటాయి. నెట్‌వర్క్ ప్రోగ్రామర్‌గా నేను ఎక్కువగా కుస్తీ పట్టేది మాత్రం హ్యాకర్లతో కాదు. పంపేశామనుకున్న డేటాని బయటికి వదలకుండా తన మెమరీలోనే దాచుకుని కూర్చునే సాఫ్ట్‌వేర్‌తో. దాన్ని బాగుచేసే తొందరలో చాలాచోట్ల భద్రతనే పీకి పక్కన పెడుతున్నారు. నా గోడు దాని గురించే.

ఈమధ్య నా దగ్గరికొచ్చిన కేసు చెబుతాను. పరికరాల నుంచి రీడింగులు తీసుకుని సర్వర్‌కు పంపే చిన్న ప్రోగ్రామ్ అది. మామూలు టీసీపీ (ఎన్‌క్రిప్షన్ లేకుండా డేటాని చేరవేసే పద్ధతి) మీద నడిచినంతకాలం ఏ గొడవా లేదు. దారిలో ఎవరూ చదవకుండా డేటాని ఎన్‌క్రిప్ట్ చేసే టీఎల్ఎస్ పెట్టగానే రీడింగులు ఒక్కొక్కటిగా రావడం మానేశాయి. చాలాసేపు ఏమీ ఉండదు, తర్వాత గుంపుగా వచ్చి పడతాయి. ఆ గుంపులో ఆఖరిది సగంలో తెగి ఉంటుంది, మిగతా సగం వచ్చే గుంపులో వస్తుంది. రెండువైపులా లాగ్‌లు చూస్తే ఒక్క ఎర్రర్ లేదు. తీర్పు మాత్రం అప్పటికే వచ్చేసింది: "టీఎల్ఎస్ తీసేస్తే పనిచేస్తోంది, అంటే తప్పు దానిదే. ఎలాగూ లోపలి నెట్‌వర్కే కదా, తీసేద్దాం."

ఇలాంటి మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ప్యాకెట్ క్యాప్చర్ తీసి, అంటే వైరు మీద వెళ్లేదాన్ని పట్టి చూస్తే, వెళ్లిన ప్రతి రికార్డు (టీఎల్ఎస్ డేటాని కట్టే పొట్లం) నిడివి 4113 బైట్లు. టీఎల్ఎస్ 1.3లో రికార్డు మీద, దాన్ని ఎవరూ మార్చలేదని తేల్చే 16 బైట్ల ట్యాగ్, రకం చెప్పే ఒక బైట్ అదనంగా చేరతాయి. అవి తీసేస్తే మిగిలేది సరిగ్గా 4096. ఆ అంకె చూశాక ఇంక వెతకాల్సిన పని లేదు. టీఎల్ఎస్ పని చేసిపెట్టే లైబ్రరీ ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో, చిన్న ముక్కలను పోగుచేసి ఉంచే బఫర్ బయో మనం వేరే చెప్పకపోతే తీసుకునే సైజు అదే. చిన్న ముక్కలకు విడివిడిగా రికార్డులు కట్టడం దండగ కాబట్టి ఎవరో దాన్ని మధ్యలో తగిలించారు. అందులో తప్పేం లేదు. సందేశం పూర్తయ్యాక ఫ్లష్ చెయ్యడం, అంటే పోగైనదాన్ని బయటికి నెట్టడం మాత్రం మర్చిపోయారు. దాంతో బఫర్ నిండితే గానీ ఏదీ కదలదు, ప్రోగ్రామ్ ఆపేస్తే లోపల మిగిలింది గాల్లో కలుస్తుంది. ఉత్తరం రాసి జేబులో పెట్టుకుని, పోస్ట్ చేసేశానని అందరికీ చెప్పినట్టు!

రిపేరు ఒక్క లైను. సాకెట్ (ప్రోగ్రామ్ నెట్‌వర్క్‌కు డేటా ఇచ్చే ద్వారం) నాన్‌బ్లాకింగ్ అయితే, అంటే ఖాళీ లేనప్పుడు ఆగి ఎదురుచూడని రకమైతే, ఆ ఫ్లష్ కూడా "ఇప్పుడు కాదు, మళ్లీ రా" అనవచ్చు కాబట్టి అది ఏం జవాబిచ్చిందో చూడాలి. అంతే.

అంతకుముందు వాళ్లు చేసిన వైద్యం వేరు. టీసీపీ నోడిలే ఆన్ చేశారు. చిన్న ప్యాకెట్లతో నెట్‌వర్క్ నిండిపోకుండా జాన్ నేగిల్ 1984లో ఒక పద్ధతి ప్రతిపాదించాడు. ఒక్క అక్షరం పంపడానికి 40 బైట్ల హెడర్ మోయాల్సి వస్తుందన్నది ఆయన బాధ. నోడిలే ఆపేది ఆ పద్ధతిని. అది కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) లోపలి సంగతి. మన డేటా కెర్నెల్ గడపే తొక్కనప్పుడు అక్కడ ఏ స్విచ్ నొక్కితే ఏం లాభం? అక్కడక్కడా ప్రోగ్రామ్‌ని కాసేపు ఆపే స్లీప్‌లు కూడా పెట్టారు. వాటి గురించి మాట్లాడకపోవడమే మర్యాద.

దీని చుట్టమే ఇంకొకటి ఉంది, "బ్యాడ్ రైట్ రిట్రై" అనే ఎర్రర్. టీఎల్ఎస్ ద్వారా డేటా పంపే ఎస్ఎస్ఎల్ రైట్ చేయబోతే సాకెట్ నిండి ఉంది, "వాంట్ రైట్" (ఖాళీ అయ్యాక మళ్లీ రా) అని వెనక్కి వచ్చింది. ఈలోపు పంపాల్సిన డేటా ఉన్న క్యూ పెరిగి, మెమరీ పెంచే రీఅలాక్ దాన్ని మెమరీలో వేరే చోటికి జరిపింది. రెండోసారి ఆ కొత్త చిరునామాతో పిలిస్తే లైబ్రరీ ఒప్పుకోదు. అది చాదస్తం కాదు. ఆ డేటా అప్పటికే వరుస నంబరుతో ఎన్‌క్రిప్ట్ అయిపోయి ఉంటుంది, రికార్డులో సగం వైరు మీద వెళ్లిపోయి ఉండొచ్చు. ఇప్పుడు మనం లోపలి డేటా మార్చి ఇస్తే అటువైపు చేరేది ఏది? చిరునామా మారినా పర్వాలేదని చెప్పే మోడ్ ఒకటుంది, పెట్టుకోవచ్చు. డేటా మాత్రం అదే ఉండాలి.

ఇదంతా ప్రోగ్రామర్ల గొడవ, పత్రికకెందుకు అంటారేమో. కనెక్షన్ ముగించే ముందు "నేను చెప్పాల్సింది అయిపోయింది" అని క్లోజ్ నోటిఫై పంపాలని టీఎల్ఎస్ నియమం. అది రాకపోతే సందేశం పూర్తయిందో, మధ్యలో ఎవరైనా తెంపారో అవతలివాళ్లకు తెలిసే దారి చాలాసార్లు ఉండదు. ఓపెన్ఎస్ఎస్ఎల్ 3.0 వచ్చాక అలా హఠాత్తుగా తెగిపోవడాన్ని ఎర్రర్‌గా చూపిస్తోంది. ఆ ఎర్రర్ కనిపించగానే చాలామంది చేసే పని ఏమిటి? పంపేవైపు ప్రోగ్రామ్‌ని సరిచేయించడం కాదు, పట్టించుకోవద్దని చెప్పే ఆప్షన్ వెతికి ఆన్ చేయడం. పంపేవాడి బద్ధకానికి అందుకునేవాడు కాపలా తీసేస్తున్నాడన్నమాట.

అందుకే మీ సాంకేతిక పేజీకి నా విన్నపం. ఏ సంస్థ అయినా "సాంకేతిక కారణాల వల్ల డేటా చేరలేదు" అంటే అక్కడితో వదిలేయకండి. బైట్లు ఎక్కడ ఆగాయి, ప్రోగ్రామ్‌లోనా, టీఎల్ఎస్ పొరలోనా, కెర్నెల్‌లోనా అని అడగండి. తాత్కాలికంగా ఎన్‌క్రిప్షన్ ఆపామని చెబితే, మళ్లీ ఎప్పుడు పెట్టారో కూడా అడిగి రాయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
నెట్‌వర్క్ ప్రోగ్రామర్