అమ్మమ్మ క్యాసెట్లు

సత్యనారాయణపురం,
విజయవాడ

చి. బుజ్జమ్మకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. ఎండలు ముదిరాయి. నీ ఫోను వచ్చి 18 రోజులైంది, పని ఎక్కువై ఉంటుందిలే అంటోంది మీ అమ్మ. కొత్త ఆవకాయ వేరే డబ్బాలో పెట్టి ఉంచాం. మొన్న చిన్నత్త వచ్చినప్పుడు మాటల్లో ఓ సంగతి చెప్పింది. అమ్మమ్మ క్యాసెట్లన్నిటినీ నువ్వు చిన్న ఫైళ్లుగా మారుస్తున్నావట, అయ్యాక ఫ్లాక్‌లు, అదే నాణ్యత ఏమీ తగ్గకుండా దాచిన అసలు పెద్ద ఫైళ్లు, తీసేస్తావట. దానికోసమే రాస్తున్నానని అనుకోకు.

మార్చడం మంచి పనే. ఫోనులో వినడానికి, చుట్టాలకి పంపడానికి ఓపస్ అనే చిన్న ఫైలు రకం చాలు. మాటల కోసం చేసిన పాత రకం స్పీక్స్ మాత్రం వద్దమ్మా. దాన్ని తయారుచేసిన జిఫ్ (Xiph) సంస్థ వాళ్లే ఇప్పుడు ఓపస్ వాడమంటున్నారు. ఓపస్ ఫైళ్లు చేసే ఓపస్‌ఎన్‌క్ ప్రోగ్రాం ఫ్లాక్‌ని నేరుగా చదువుతుంది, నువ్వు రాసుకున్న ట్యాగులు కూడా వెంట వస్తాయి. మోనో, అంటే ఒకే చానెల్, చేసి సెకనుకి 24 కిలోబిట్లు పెట్టు. 90 నిమిషాల క్యాసెట్ 16 ఎంబీకి వస్తుంది. 16 కిలోబిట్లకి కిందికి దిగకు, టేపు బుస ఎక్కువున్నచోట మాట నలిగిపోతుంది.

మోనో చేసేముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండు చానెళ్లూ విడివిడిగా విను. ఒకదాంట్లో బుసే ఉంటే రెండోదాన్నే తీసుకో, కలపకు. రెండూ బాగున్నా, టేపు ఎక్కించినప్పుడు దాన్ని చదివే హెడ్ కాస్త వంకరగా ఉండి ఉంటే ఒక చానెల్ రవ్వంత వెనకబడుతుంది. అప్పుడు కలిపితే పై స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని మాట మందంగా వస్తుంది. అలాంటప్పుడూ ఒక్క చానెలే మేలు.

తాతయ్య భాగవతం టేపులకి పెదనాన్న చేసింది నీకు సగమే తెలుసు. స్పీక్స్‌లో 8 కిలోహెర్ట్జ్ పెట్టాడు, సెకనుకి 8 వేల శాంపిళ్లే. ధ్వని అందులో సగం వరకే నిలుస్తుంది. అంటే 4 కిలోహెర్ట్జ్‌కి పైనున్న ధ్వనంతా పోయినట్టే. శకి, సకి తేడా తెలిపే సన్నని సవ్వడి చాలావరకు ఆ పైనే ఉంటుంది. అది చాలక, మాట లేనిచోట బిట్లు మిగులుతాయని, మాట ఉందో లేదో కనిపెట్టే వీఏడీ, మౌనాన్ని దాచకుండా వదిలేసే డీటీఎక్స్ రెండూ ఆన్ చేశాడు. తాతయ్య పద్యం చివర గొంతు బాగా తగ్గించి లాగేవారు కదా, ఆ తోకల్ని అది మౌనమనుకుని కోసేసింది. పెదనాన్న ఒక్కటీ పూర్తిగా వినకుండానే డిస్కులో చోటు కోసం ఫ్లాక్‌లు చెరిపేశాడు. టేపులు బూజుపట్టి అప్పటికే పారేశారు. సంవత్సరీకం నాడు అందరి ముందూ పెడితే తాతయ్య గొంతు పాత ల్యాండ్‌ఫోనులోంచి వచ్చినట్టుంది. ఆ స్పీక్స్‌నే మళ్లీ ఫ్లాక్ చేసి చూశాడు. ఫైలు పెద్దదైంది, పోయిన అక్షరాలు తిరిగి రాలేదు. ఆ పూట విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు.

నీ 14 క్యాసెట్లూ ఫ్లాక్‌లో 7 జీబీకి అటూ ఇటూ ఉంటాయేమో. 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో పడతాయి, దానికోసం చెరపడం ఎందుకు? ముందు ఫ్లాక్ ప్రోగ్రాంలో టెస్ట్ ఆప్షన్ నడుపు. ఫైలు లోపల దాచిన ఎండీ5 అనే సరిచూపు సంఖ్యతో సరిపోల్చి, చెడిందో లేదో అదే చెబుతుంది. తర్వాత రెండుచోట్ల కాపీ పెట్టు, ఒకటి మన ఇంట్లో. చిన్నత్త కారు స్టీరియో ఓపస్ చదవకపోతే ఎంపీ3 చెయ్యి, కానీ ఓపస్ నుంచి కాదు, మళ్లీ ఫ్లాక్ నుంచే. ఒకసారి తగ్గించినదాన్ని ఇంకోసారి తగ్గిస్తే రెండుసార్ల నష్టమూ కలుస్తుంది.

వేళకి తింటున్నావా? రాత్రిళ్లు ఆ హెడ్‌ఫోన్స్ పెద్ద సౌండుతో పెట్టుకోకు.

ఫ్లాక్‌లు ఉన్నాయో లేవో ఒక్క మాట మెసేజ్ పెట్టు. ఒకవేళ చెరిపేసి ఉంటే ఆ డిస్కు మీద ఇంకేమీ కాపీ చెయ్యకు, కంప్యూటర్ ఆపేసి వెంటనే నాకు ఫోన్ చెయ్యి. పైన కొత్తది రాయకపోతే తిరిగి తీసే వీలుంటుంది. ఎస్‌ఎస్‌డీ అయితే ఆ వీలు చాలా తక్కువ, కాబట్టి ఎంత రాత్రయినా సరే చెయ్యి. నేను మేలుకునే ఉంటాను.

ఇట్లు,
నాన్న