హంపీ అంగడి వీధిలో మన పిల్లలు

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

మన బడి పిల్లలతో హంపీ చూసి వచ్చాం. ముందు రాతి రథం సంగతి చెప్పేస్తాను. ఇంటికి రాగానే పిల్లలు నా మీద చేసిన మొదటి ఫిర్యాదు అదే అయ్యుంటుంది. మాట్లాడుకున్న బస్సు తెల్లవారి 5 గంటలకు రావాల్సింది, ఆరున్నరకు వచ్చింది. ఉరవకొండ నుంచి బళ్లారి, హొసపేట దాటి హంపీ చేరేసరికి పది దాటింది. ఆ రథం ఉన్న విఠలాలయం దాకా నడిపిస్తే మధ్యాహ్నం ఎండకు పిల్లలు వాడిపోతారని దాన్ని వదిలేశాం. "యాభై రూపాయల నోటు వెనక ఉంది, చూసుకోండి" అన్నందుకు ఏడో తరగతి వాళ్లు సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

అసలు ఈసారి మేం పోయింది గుళ్ల కోసం కాదు, అంగళ్ల కోసం. విరూపాక్ష స్వామి గుడి ముందు నుంచి తూర్పున మతంగ కొండ కింద ఉన్న పెద్ద నంది దాకా తిన్నగా ఒకే వీధి. రెండు పక్కలా రాతి స్తంభాల మంటపాలు, ఆ కొసన కొన్ని రెండంతస్తులవి కూడా. పొడవెంతో చెప్పకుండా అడుగులేసి కొలవమన్నాం. ఎనిమిదో తరగతి లెక్క 1,100 అడుగులు, ఆరో తరగతి లెక్క 1,300. ఎవరిది తప్పని గొడవ. పొట్టి కాళ్లకు అడుగులు ఎక్కువ పడతాయని లెక్కల సార్ చెప్పేదాకా ఆగలేదు. ముప్పావు కిలోమీటరు వీధి అది.

ఒక మంటపం దగ్గర తొమ్మిదో తరగతి పాప ఆగిపోయింది. బండ అంచున వరుసగా, బెత్తెడుకొకటి చొప్పున చిన్న గుంతలు. "సార్, మా నాయన కూడా ఇట్లే గుంతలు తీసి కొడతాడు, బండ ఆ గీత మీదనే చీలుతుంది" అంది. గైడు అంతవరకు చెప్పిన రాజుల పేర్ల కంటే ఆ మాటకే పిల్లలు ఎక్కువ చెవి ఒగ్గారు. ఆ గుంతల్లో వేలు పెట్టి చూడని వాళ్లు లేరు.

ఒకప్పటి విజయనగర రాజ్యానికి రాజధాని ఈ హంపీయే. విజయనగరం అంటే వజ్రాలు రాశులు పోసి అమ్మారని మనందరం చిన్నప్పటి నుంచి చెప్పుకునేదే. తొలకరి వానలకు వజ్రకరూరు చేలల్లో వజ్రాల కోసం రాళ్లు వెతకడం చూసిన మన పిల్లలకు అదేం వింత కాదు. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఇక్కడి అంగడి వీధి గురించి రాస్తూ కెంపులు, వజ్రాలు, ముత్యాల గురించి చెప్పాడు. అక్కడితో ఆపకుండా సాయంత్రం సంతలో తట్టు గుర్రాలు, నిమ్మకాయలు, నారింజలు, ద్రాక్ష, చివరికి కట్టెలు కూడా దొరుకుతాయని రాశాడు. నన్నడిగితే ఆ కట్టెలే ముఖ్యం. వజ్రాలు కొనేవాళ్లు ఎందరుంటారు? పొయ్యి మాత్రం ప్రతి ఇంట్లో వెలగాలి కదా. అతని కంటే ముందు, 1443లో వచ్చిన పర్షియా రాయబారి అబ్దుర్ రజాక్ అయితే ఈ ఊరివాళ్లకు అన్నం ఎంత అవసరమో గులాబీలూ అంతే అవసరమన్నాడు. అది విని ఆడపిల్లలు నవ్వుకున్నారు.

"మరి ఇప్పుడు అంగళ్లు ఎందుకు లేవు సార్?" అని ఒకరు అడిగారు. 1565లో తళ్లికోట యుద్ధంలో విజయనగరం ఓడాక ఊరు పాడుపడిందని, రాజధాని మన పెనుకొండకు మారిందని చెప్పాను. అది సగం జవాబే. ఈ మధ్య కాలంలోనూ ఈ మంటపాల్లో కాపురాలుండేవి, అంగళ్లు నడిచేవి. 2011లో వాటిని ఖాళీ చేయించారు. కట్టడాలను కాపాడటానికి అది అవసరమని కొందరు, బతుకుతెరువు పోయిందని కొందరు. ఏది సరైనదో నేను తేల్చలేదు. బస్సులో బళ్లారి దాకా పిల్లలు వాదించుకుంటూనే ఉన్నారు.

గుడి వెనక వైపు మంటపంలో గోపురం నీడ గోడ మీద తలకిందులుగా పడటం చూసి సైన్సు మేడం సంబరం అంతా ఇంతా కాదు. ఇక ఒక చేదు మాట. మన పిల్లవాడొకడు స్తంభం మీద సుద్దతో పేరు రాయబోయాడు. రెండు అక్షరాల దగ్గరే పట్టుకుని, వాడి చేతనే తడిగుడ్డతో తుడిపించాం. పేరు చెప్పను. ఇంట్లో ఎవరూ ఆరా తీయకండి, వాడు ఇప్పటికే చాలా సిగ్గుపడ్డాడు.

మీ నుంచి ఒక సాయం కావాలి. ఈ వారం సంతకు పోయేటప్పుడు పిల్లల్ని వెంట తీసుకుపోండి. బేరం వాళ్లనే ఆడనివ్వండి, ఒకటి రెండు రూపాయలు పోయినా ఫరవాలేదు. ఏమేం అమ్ముతున్నారో, ఏది ఎంతో, ఏ ఊరి నుంచి వచ్చిందో పేస్ లాగా రాసుకుని సోమవారం నోటుబుక్కు తేవాలి.

ఖర్చులు పోను తలకు 40 రూపాయలు మిగిలాయి, డైరీలో పెట్టి పంపిస్తున్నాం. తర్వాతి ప్రయాణం పెనుకొండకు. ఈసారి వేరే బస్సు. అంగీకార పత్రం మీద సంతకం మాత్రం తల్లిదండ్రులే పెట్టాలి, అన్నయ్యలు పెట్టినవి గుర్తుపడతాం.

బస్సులో దొరికిన స్టీలు టిఫిన్ డబ్బా ఒకటి, ఎడమ కాలి చెప్పు ఒకటి ఆఫీసు రూములో ఉన్నాయి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు