ప్రమాదాల రిజిస్టర్ ఖాళీగా ఉందంటే అనుమానించాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. వైద్య పరీక్షల ల్యాబ్‌ల గురించి పత్రికల్లో వచ్చే ఫిర్యాదులు మూడే: రిపోర్టు ఆలస్యమైంది, తప్పొచ్చింది, బిల్లు ఎక్కువైంది. రోగి వైపు నుంచి అవన్నీ న్యాయమైనవే. కానీ ఆ రక్తం, ఆ కఫం, కోసి తీసిన ఆ కణితి ముక్క ఎవరి చేతుల మీదుగా వెళ్తున్నాయో, ఆ చేతులకు ఏమవుతోందో ఎవరూ రాయరు. మైక్రోబయాలజీ విభాగంలో చాలాకాలంగా పనిచేస్తున్నదాన్ని కాబట్టి ఆ సంగతి నేను రాస్తున్నాను.

తనిఖీకి వచ్చేవాళ్లు ప్రమాదాల రిజిస్టర్ అడుగుతారు. ఏడాది మొత్తానికి ఒక్క నమోదూ లేకపోతే సంతోషించి సంతకం పెట్టి వెళ్లిపోతారు. పొద్దస్తమానం సూదులు, గాజు స్లైడ్లు, యాసిడ్ల మధ్య పని జరిగే చోట ఏడాదిపాటు ఒక్క వేలికీ ఏమీ గుచ్చుకోలేదంటే నమ్మొచ్చా? గుచ్చుకునే ఉంటుంది, పైకి చెప్పి ఉండరు.

చెబితే మొదట ఎదురయ్యే ప్రశ్న "చూసుకుని పనిచేయడం రాదా?" అని. కాంట్రాక్టు మీద చేరినవాళ్లకు ఆ ప్రశ్న ఉద్యోగం మీదకే వస్తుంది. ఇక గట్టి డబ్బాలో వేయాల్సిన సూదిని ఎవరో మామూలు చెత్త సంచిలో పడేస్తే, అది గుచ్చుకునేది ఆ సంచి ఎత్తే మనిషికి. ఆ మనిషి ఎవరికి చెప్పుకుంటుంది? కుళాయి కింద వేలు కడుక్కుని పనిలో పడిపోతుంది.

అలా కడుక్కుని ఊరుకోవడంలో చేజారిపోయేది సమయం. టీకా వేయించుకోనివాళ్లకు హెపటైటిస్ బి రోగి రక్తం ఉన్న సూది గుచ్చుకుంటే, వైరస్ సోకే అవకాశం 6 నుంచి 30 శాతం వరకు ఉంటుంది. ఆ వైరస్ ఎండిన మరకలో సైతం వారం రోజులు బతకగలదు. హెచ్ఐవీ విషయంలో ప్రమాదం చాలా తక్కువ, సుమారు 0.3 శాతం. అయినా నివారణ మందులు కొన్ని గంటల్లోనే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే వాటి వల్ల ప్రయోజనం ఉండదు. ఆ సూది ఏ శాంపిల్‌దో వెంటనే పట్టుకుంటే ఆ రక్తాన్ని పరీక్షించి చూడొచ్చు. మర్నాటికి ఆ ట్యూబు ఆటోక్లేవ్‌లోకి, అంటే వేడి ఆవిరితో క్రిములను చంపే యంత్రంలోకి, వెళ్లిపోయి ఉంటుంది.

ఇది చిన్న ల్యాబ్‌ల జబ్బే అనుకోవద్దు. 2003 డిసెంబరులో తైవాన్‌లో అత్యున్నత భద్రత ఉన్న ల్యాబ్‌లోనే ఒక పరిశోధకుడికి ఊపిరితిత్తులను దెబ్బతీసే సార్స్ వైరస్ సోకింది. ఒలికిన వ్యర్థాన్ని శుభ్రం చేయడంలో తొందరపడ్డాడు. జ్వరం వచ్చాక కూడా తనకూ సంస్థకూ చెడ్డపేరు వస్తుందన్న భయంతో కొన్ని రోజులు ఇంట్లోనే ఉండిపోయాడని అప్పట్లో వార్తలొచ్చాయి. మరుసటి ఏడాది బీజింగ్‌లో ల్యాబ్ నుంచే సార్స్ బయటపడింది. అక్కడ చనిపోయింది ల్యాబ్ మనిషి కాదు, ల్యాబ్‌లో పనిచేసి జబ్బుపడిన ఒక విద్యార్థినికి సేవ చేసిన ఆమె తల్లి.

సూది గుచ్చుకుంటే కనీసం తెలుస్తుంది. గాలిలో కలిసేది తెలియను కూడా తెలియదు. శాంపిల్ ట్యూబులను వేగంగా తిప్పే సెంట్రిఫ్యూజ్ మిషన్ తిరుగుతుండగా లోపల ట్యూబు పగిలిందనుకోండి. టక్కుమని చప్పుడు, మిషన్ వణుకు. చెయ్యి వెంటనే మూత మీదకు పోతుంది. కానీ మిషన్ ఆపి, మూత తీయకుండా అరగంట అలాగే వదిలేయాలి, లోపల లేచిన సన్నటి తుంపర కిందికి దిగేదాకా. బయట కౌంటర్ దగ్గర రిపోర్టుల కోసం జనం నిలబడి ఉన్నప్పుడు ఆ అరగంట ఇచ్చే సూపర్‌వైజర్లు ఎంతమంది ఉంటారు? నాకైతే పెద్దగా తారసపడలేదు.

మా విభాగంలో ఇంకో పాత అలవాటుంది. బ్యాక్టీరియాను పెంచే కల్చర్ ప్లేటు మూత తీసి వాసన చూసి బ్యాక్టీరియాను గుర్తుపట్టడం. వెనకటి తరం సీనియర్లకు అదో ప్రతిభ. ఆ ప్లేటులో పెరిగింది పశువుల నుంచి మనుషులకు సోకే బ్రూసెల్లా బ్యాక్టీరియా అయితే, పీల్చిన మనిషి నెలల తరబడి జ్వరంతో మంచం పట్టొచ్చు. ఇందులో డాక్టర్ల వంతు కూడా ఉంది. అది కలిగించే జబ్బు బ్రూసెల్లోసిస్ అనుమానం ఉన్నప్పుడు ఆ ఒక్క మాట రిక్వెస్ట్ ఫారం మీద రాస్తే, మేం ఆ ప్లేటును బల్ల మీద కాకుండా గాలిని వడకట్టి మనల్ని కాపాడే బయోసేఫ్టీ క్యాబినెట్ లోపల తెరుస్తాం. మాకు అందే ఫారాల మీద చాలాసార్లు 'జ్వరం' అని మాత్రమే ఉంటుంది. అది కూడా లేనివి కొన్ని.

రసాయనాల సంగతికొస్తే, గోడ మీద పోస్టర్ అంటిస్తే చాలనుకునే ధోరణే ఎక్కువ. ఏది ఒలికినా బ్లీచ్ పోయమని నేర్పుతారు. రక్తం ఒలికితే అది సరే. పీసీఆర్ పరీక్షకు ఆర్ఎన్ఏ తీసే కిట్లలో చాలావాటిలో గ్వానిడిన్ లవణాలుంటాయి. వాటి మీద బ్లీచ్ పడితే విషవాయువులు పుడతాయి, సైనైడ్ వాయువుతో సహా. ఆ హెచ్చరిక కిట్ పెట్టె లోపలి కాగితంలో ఉంటుంది. పెట్టె విప్పగానే చెత్తలోకి పోయేది కూడా ఆ కాగితమే. కణితి ముక్కలు నిల్వచేసే ఫార్మలిన్‌లో ఉండేది ఫార్మాల్డిహైడ్. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. గాలి లాగే ఫ్యాన్ పాడైతే మాత్రం, బాగయ్యేదాకా కిటికీ తెరుచుకుని పని కానివ్వమంటారు.

నేను అడిగేవి ఖర్చుతో కూడిన పనులు కావు. తనిఖీకి వచ్చేవాళ్లు ఖాళీ రిజిస్టర్ కనిపిస్తే ప్రశ్నలు మొదలుపెట్టాలి. సిబ్బందిని, ముఖ్యంగా చెత్త ఎత్తేవాళ్లను, యజమాని పక్కన లేకుండా విడిగా కూర్చోబెట్టి మాట్లాడాలి. జరిగింది చెప్పినవాళ్ల మీద చర్య ఉండదని యాజమాన్యం రాతపూర్వకంగా ఇవ్వాలి. హెపటైటిస్ బి టీకా ఊడ్చేవాళ్లతో సహా అందరికీ పనిలో చేరేటప్పుడే మొదలుపెట్టాలి. ఇక టీకా మూడు డోసులూ పూర్తయ్యేదాకా వాళ్లను సూదుల జోలికి పంపకూడదు.

రోగులకు, వాళ్ల బంధువులకు కూడా ఒక విన్నపం. మూత సరిగా పెట్టక కారుతున్న డబ్బా తెస్తే మా వాళ్లు తీసుకోరు, మళ్లీ శాంపిల్ తెమ్మంటారు. దయచేసి అప్పుడు కౌంటర్ దగ్గరున్న అమ్మాయి మీద అరవకండి.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నాలజిస్ట్, మీ పాఠకురాలు