వంటగట్టు ఎత్తు ఎవరినడిగి పెట్టాలి?

ఎడిటర్ గారికి నమస్కారం.

కొత్త ఫ్లాటు కొన్నవాళ్లు ఇంటీరియర్ పని ఎలా చేయించుకోవాలో మీ ఆదివారం అనుబంధంలో పోయిన వారం ఒక వ్యాసం వేశారు. నచ్చిన ఫొటోలు దాచుకోండి, బడ్జెట్ ముందే అనుకోండి, ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోండి, ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర, అంటే నీళ్లకు తట్టుకునే రకమన్న గుర్తు, ఉందో లేదో చూడండి అన్నారు. మంచి మాటలే. సింకు కింద 710 వేస్తామని చెప్పి, తేమకు మాత్రమే ఓర్చుకునే ఎంఆర్ రకం వేసి డబ్బు మిగుల్చుకునేవాళ్లను నేనూ చూశాను. కానీ పేజీ అంతా వెతికినా ఆ ఇంట్లో ఉండబోయే మనుషులు కనిపించలేదు. వాళ్ల ఎత్తెంత, పొద్దున్న లేవగానే ఏం చేస్తారు, ఏ వస్తువు ఎక్కడ పెట్టి మర్చిపోతారు, ఇవి అడగమని ఒక్క వాక్యం లేదు. అందుకే ఈ ఉత్తరం.

మాది విజయవాడ. నాన్న వడ్రంగి. గుమ్మాలు, తలుపులు, పందిరి మంచాలు చేసేవారు. మంచం చేయమంటే ముందు ఆ ఇంటికి వెళ్లి, దాని మీద పడుకునే మనిషిని చూసి వచ్చేవారు. నేను 1994లో సొంతంగా పని మొదలుపెట్టాను. కొన్నాళ్లకు వడ్రంగి అన్న మాట పోయి ఇంటీరియర్ కాంట్రాక్టర్‌నయ్యాను, విజిటింగ్ కార్డులు వేయించాను. మనిషిని చూసి రావడం మాత్రం మధ్యలో ఎక్కడో మానేశాను.

2009లో పటమటలో ఒక రెండు పడగ్గదుల ఫ్లాటు పని చేశాను. మాట్లాడిందంతా ఇంటాయనే. మైకా రంగు ఆయనే చెప్పారు, హ్యాండిల్స్ ఆయనే ఎంచారు, అడ్వాన్సు ఆయనే ఇచ్చారు. ఇంటావిడ కాఫీ ఇచ్చి లోపలికి వెళ్లిపోయేవారు. వంటగట్టు అందరికీ వేసినట్టే 34 అంగుళాల ఎత్తులో వేశాను. రెండేళ్ల తర్వాత డ్రాయర్ చానెల్ ఊడిందని పిలిస్తే వెళ్లాను. ఆవిడ చెక్కపీట ఎక్కి నిలబడి చారుకి పోపు పెడుతున్నారు.

ఆవిడ 4 అడుగుల 9 అంగుళాలు ఉంటారు. గట్టు 34, దాని మీద స్టవ్ ఇంకో నాలుగైదు అంగుళాలు, ఆపైన గిన్నె. ఆవాలు చిటపటలాడుతున్నాయో మాడుతున్నాయో కనపడాలంటే పీట ఎక్కక తప్పదు. ‘ముందే చెప్పాల్సింది కదమ్మా’ అన్నాను. ‘మీరు అడగలేదుగా మేస్త్రీ గారూ. గట్లన్నీ ఇంతే ఎత్తుంటాయేమో అనుకున్నా’ అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. రెండేళ్ల పాటు రోజూ, కాగే నూనె పక్కన, పీట మీద. జారితే?

ఆ వారమే స్టవ్ ఉన్న మేరకు గ్రానైట్ తీయించి గట్టును 29 అంగుళాలకు దించాను, నా ఖర్చుతోనే. తీసేటప్పుడు గోడ టైల్స్ నాలుగు పగిలాయి. అదే రకం మళ్లీ దొరకలేదు. వేరేవి వేశాం. ఆ అతుకు ఇప్పటికీ కనపడుతుంది.

అప్పటినుంచి టేపు ముందు మనిషికి పెడుతున్నాను. వంట చేసేవాళ్లను చెప్పుల్లేకుండా నిలబడి మోచేయి మడవమంటాను. నేల నుంచి మోచేతి దాకా కొలిచి, నాలుగు అంగుళాలు తీసేస్తే కూర తరిగే గట్టు ఎత్తు దాదాపుగా వస్తుంది. స్టవ్ పెట్టే చోటు ఇంకాస్త దిగాలి. అత్తగారు పొట్టి, కోడలు పొడుగు అయితే పొయ్యి దగ్గర ఎక్కువ సేపు ఎవరుంటారని అడుగుతాను. ఇద్దరూ ఒకేసారి ‘నేనే’ అన్న ఇళ్లున్నాయి. అక్కడ టేపు చుట్టేసి, మళ్లీ రేపొస్తానని చెప్పి బయటపడ్డాను.

ఇంకో సంగతి. మా దగ్గరికి వచ్చేవాళ్లు తమకు ఏం కావాలో తిన్నగా చెప్పరు. దాచిపెట్టాలని కాదు, వాళ్లకు మాట దొరకదు. ‘సింపుల్‌గా ఉండాలండీ’ అంటారు. ఒకావిడ అలా అంటే తెల్ల రంగు, గీతల్లేని తలుపులు అనుకుని డ్రాయింగు వేశాను. తర్వాత తెలిసింది, ఆవిడ ఉద్దేశం దుమ్ము దులిపే పని తక్కువ ఉండాలని. పనిమనిషి లేదు, ఉద్యోగం ఉంది, నడుం నొప్పి ఉంది. తెల్ల మైకా మీద వేలిముద్రలు తుడవడం ఆవిడకు ఇంకో ఉద్యోగం అయ్యేది. ‘స్టోరేజ్ బాగా ఉండాలి’ అన్నవాళ్లను ఇప్పుడున్న ఇంటి అల్మరాలు తెరిచి చూపించమంటాను. సిగ్గుపడతారు, తర్వాత చూపిస్తారు. పడగ్గదిలో ఒక కుర్చీ ఉంటుంది, దాని మీద ఒక్కసారి కట్టి విప్పిన బట్టలు. ఉతకడానికి వేసేంత మాసినవి కావు, మడిచి లోపల పెట్టేంత శుభ్రమైనవీ కావు. ఆ కుర్చీ లేని ఇల్లు నేను చూడలేదు. లక్షన్నర పెట్టి వార్డ్‌రోబ్ చేయించినా ఆ బట్టలకు చోటుండదు. తలుపు వెనక నాలుగు గట్టి కొక్కేలు కొడితే కుర్చీ ఖాళీ అవుతుంది.

ఇప్పుడు మా దగ్గర సగం పని వాట్సాప్‌లో నడుస్తోంది. కొడుకు డాలస్‌లో, తల్లిదండ్రులు కానూరులోనో పోరంకిలోనో. డబ్బు అతనిది, ఫొటోలు అతను పంపినవే. అలాంటి ఒకబ్బాయి హాల్లోకి తెరుచుకునే వంటగది, నడుమ ఒక గట్టు, దాని చుట్టూ ఎత్తు స్టూళ్లు కావాలన్నాడు. తల్లికి 68 ఏళ్లు. ‘అబ్బాయి ఎలా చెబితే అలా చేసెయ్యండి’ అన్నారు. నేను ఒక రోజు పొద్దున ఏడింటికి, వాళ్లు అప్పటికి ఉంటున్న అద్దె ఇంటికి వెళ్లి కూర్చున్నాను. ఆవిడ నేల మీద కత్తిపీట వేసుకుని గోంగూర పక్కన పెట్టుకుని వంకాయలు తరుగుతున్నారు. ఆవకాయ జాడీలు మంచం కింద ఉన్నాయి. చేపల పులుసు పెట్టిన రోజున హాలు తలుపు మూసేస్తారట, వాసన సోఫాలకు పడుతుందని. ఇవేవీ ఆ ఫొటోల్లో లేవు.

కొడుకుతో వీడియో కాల్‌లో మాట్లాడాను. ‘అమ్మ కింద కూర్చోవడం మానేయాలనే కదండీ ఇదంతా, మోకాళ్లు నొప్పులు’ అన్నాడు. అతనన్నదీ నిజమే. తల్లి అలవాటూ నిజమే. చివరికి నడిమి గట్టు తీసేసి అక్కడ నేల ఖాళీగా వదిలాం, కూర్చుని కాళ్లు చాపుకునేంత. గోడ వైపు ఆవిడ ఎత్తుకు తగ్గ బల్ల వేశాం, మోకాలు నొప్పి చేసిన రోజుకి. హాలుకీ వంటగదికీ మధ్య అద్దం తలుపు పెట్టాం, పులుసు రోజున మూసుకోవచ్చు. జాడీలకు అటక వద్దన్నాను. నిండు జాడీ పట్టుకుని ఎవరూ స్టూలు ఎక్కకూడదు. కిందే లోతైన గూడు కట్టాను.

మగవాళ్ల సంగతి ఇంకో రకం. పెద్దాయన బాత్‌రూమ్‌లో పట్టుకునే కడ్డీ వేద్దామంటే ‘నేనేమైనా ముసలాడినా?’ అంటారు. రాత్రి రెండుసార్లు లేస్తారని భార్య చాటుగా చెబుతుంది. నేను వాదించను. ‘తువ్వాలు వేసుకునే కడ్డీ’ అని చెప్పి బరువు ఆపే స్టీలు కడ్డీని గోడలోకి గట్టిగా దింపి బిగిస్తాను. మామూలు తువ్వాలు కడ్డీ మనిషి బరువు ఆపదు, పట్టుకుంటే గోడలోంచి ఊడి వస్తుంది. దాని మీద తువ్వాలు వేస్తారు, రాత్రి దాన్నే పట్టుకుంటారు. అందరి పరువూ నిలుస్తుంది.

పని పూర్తయ్యాక ఇల్లు ఎలా ఉంటుందో ముందే చూపే త్రీడీ బొమ్మలు అడిగి తీసుకోమని మీ వ్యాసంలో అన్నారు. తీసుకోండి. కాకపోతే ఆ బొమ్మలో గట్టు మీద ఎప్పుడూ ఒక పళ్ల బుట్టే ఉంటుంది. మిక్సీ ఉండదు, పోపులపెట్టె ఉండదు, నూనె డబ్బా ఉండదు, నిన్నటి పెరుగు గిన్నె ఉండదు. నేను ఇప్పుడు బొమ్మ వేసే కుర్రాడికి అవన్నీ వేయమని చెబుతున్నాను. మొదట నవ్వాడు. వేశాక చూస్తే గట్టు రెండడుగులు తక్కువ పడుతోందని బొమ్మలోనే తెలిసింది, గ్రానైట్ కోయకముందే.

ఆర్కిటెక్చర్ చదివే మా అమ్మాయి ఒక సంగతి చెప్పింది. ఇవాళ మనం మాడ్యులర్ కిచెన్ అంటున్నదానికి మూలం 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ కోసం మార్గరెటె షూటె-లిహోట్స్కీ అనే ఆవిడ గీసిన వంటగదేనట. ఏ పనికి ఎంతసేపు పడుతుందో, ఎన్ని అడుగులు నడవాలో లెక్క చూసుకుని గీశారట. అలాంటివి దాదాపు పదివేలు కట్టారట. చాలా ఏళ్లకు ఆవిడే ఒప్పుకున్నారట, అది గీసేనాటికి తను ఇల్లు నడిపిందీ లేదు, వంట చేసిందీ లేదని. అది విని ఆ రోజు కాస్త ధైర్యం వచ్చింది నాకు. పటమట పీట గుర్తొచ్చి మళ్లీ పోయింది.

అందుకని మీకు ఒక విన్నపం. ఇళ్ల ఫొటోలు వేసే పేజీలో, గృహప్రవేశం రోజు తీసినవి కాకుండా, మనుషులు ఐదారేళ్లు కాపురం చేసిన ఇల్లు ఒకటి వేయండి. డిజైనర్‌ను కాదు, ఆ ఇంట్లో వండేవాళ్లను మాట్లాడించండి. ఏది పనికొచ్చింది, ఏది దండగ అయింది, ఏ తలుపు ఎప్పుడూ మోకాలికి తగులుతుంది అని అడగండి. పటమట ఇంటావిడను నేను అడిగాను. మీ ఫొటోగ్రాఫర్ వస్తే అభ్యంతరం లేదన్నారు. ఒకటే షరతు పెట్టారు. ఫొటో కోసమని గట్టు మీద సామాను తీసేయమనకూడదట.

ఇట్లు,
ఒక ఇంటీరియర్ కాంట్రాక్టర్,
విజయవాడ.